రాసినోడు

మందమర్రిలో మా నాయన ఫస్టు షిఫ్టు దిగిన రోజు, పొద్దుగూకగానే అరుగు మీద కూర్చుని నరసింహ శతకం పద్యం అందుకొనేవాడు. చదువు రాదు, విని నేర్చినదే. "శేషప్ప కవి రాసిండు గదా నాయనా?" అంటే, "ధర్మపురి సామి పద్యం బిడ్డా, రాసినోనితోటి మనకేం పని?" అన్నాడు.

శేషప్ప మాకు గోదావరి ఆవలి ఒడ్డు కవి. ఆయన ధర్మపురి రామాయణమనే యక్షగానం కూడా రాశాడని కాలేజీ కొచ్చాకనే తెలిసింది. యక్షగాన కవి బతుకే అంత. దరువులు, ద్విపదలు కట్టేది ఆయన. వేషమూ, మద్దెలా, మెప్పూ ఆటగాళ్ళవి. తెల్లవారితే కవి పేరు ఎవరికీ గుర్తుండదు. బొగ్గు తవ్వినోని పేరు దీపానికి తెలుస్తుందా?

సెలవులకు పోయి ఈ మాటే నాయనకు చెప్పాను. ఊరకున్నాడు. ఆ రాత్రి పద్యం ముగించి, మెల్లగా, "శేషప్పా, దండం" అన్నాడు.