నాష్‌విల్‌లో పాట మారిన రాత్రి

ఇంజనీరింగ్ హాస్టల్‌లో గిటార్ ఉన్న ప్రతివాడికీ ఎంతో కొంత 'హోటల్ కాలిఫోర్నియా' వచ్చి తీరుతుంది. పూర్తిగా రాకపోయినా మొదటి నాలుగు కార్డ్స్ వాయించి, "ఎలా ఉంది మావా?" అని అడుగుతాడు. మనం కూడా "కేక" అనేస్తాం. మరి ఆ ఈగల్స్ బ్యాండ్ దారి ఎక్కడ మొదలైందో తెలుసా? వాళ్లకంటే ముందే కంట్రీ, రాక్ రెండింటినీ ఒకే గిన్నెలో కలిపిన ఆల్బమ్ ఒకటుంది. పేరు 'స్వీట్‌హార్ట్ ఆఫ్ ద రోడియో'. బ్యాండ్ పేరు ద బర్డ్స్. విడుదల 1968 ఆగస్టులో.

అమ్మకాలు చూస్తే అంతంత మాత్రం. బిల్‌బోర్డ్ చార్ట్‌లో 77 దాటి పైకి పోలేదు. కానీ 2003లో రోలింగ్ స్టోన్ పత్రిక వేసిన 500 గొప్ప ఆల్బమ్‌ల లిస్ట్‌లో 117వ చోట కూర్చుంది. వచ్చినప్పుడు ఎవరూ పట్టించుకోని ఆల్బమ్‌కి అంత పేరు ఎలా వచ్చింది? ఈ ప్రశ్న పట్టుకుని మొన్న లాంగ్ వీకెండ్‌కి డాలస్ నుంచి కారులో బయల్దేరాం, నేనూ మా రూమ్మేటూ. వాడికి పాటల గోల లేదు. నాష్‌విల్ హాట్ చికెన్ కోసం వచ్చాడు. వెనక సీట్లో పులిహోర డబ్బా మాత్రం ఇద్దరిదీ.

మెంఫిస్: సినిమా హాల్లో పుట్టిన పాట

డాలస్ నుంచి మెంఫిస్‌కి దాదాపు ఏడు గంటలు. అక్కడి నుంచి ఐ-40 మీద ఇంకో మూడు గంటలు పోతే నాష్‌విల్. ఈ రెండో ముక్కకి ప్రభుత్వమే 'మ్యూజిక్ హైవే' అని పేరు పెట్టింది.

చాలామంది మెంఫిస్‌లో ఎల్విస్ ప్రెస్లీ ఇల్లు చూసి వెళ్లిపోతారు. మేం మెక్‌లెమోర్ అవెన్యూకి పోయాం. అక్కడ ఒకప్పుడు ఒక పాత సినిమా హాల్‌ని స్టాక్స్ అనే కంపెనీ రికార్డింగ్ స్టూడియోగా మార్చుకుంది. అసలు బిల్డింగ్‌ని 1989లో కూల్చేశారు. అదే స్థలంలో 2003లో మ్యూజియం కట్టారు. లోపల స్టూడియోని మళ్లీ పాత పద్ధతిలోనే పెట్టారు. నేల ఏటవాలుగా ఉంటుంది, మన ఊళ్లో పాత టాకీస్‌లో నేల క్లాస్ నుంచి బెంచీ దాకా ఎక్కినట్టు.

విలియం బెల్ అనే నల్లజాతి గాయకుడు 1961లో ఈ స్టాక్స్‌లోనే 'యూ డోంట్ మిస్ యువర్ వాటర్' అనే పాట చేశాడు. చేతిలో ఉన్నప్పుడు ప్రేమ విలువ తెలియలేదని బాధపడే పాట. పక్కా సోల్ మ్యూజిక్. ఏడేళ్ల తర్వాత బర్డ్స్ కుర్రాళ్లు అదే పాట తీసుకుని, పెడల్ స్టీల్ గిటార్ కలిపి కంట్రీ పాటగా మార్చారు. రెండూ వరసగా పెట్టుకుని వినండి. కలిపిన చోట అతుకు కనపడదు.

ఇదే మెంఫిస్‌లో 1968 ఏప్రిల్ 4న లొరైన్ మోటెల్ బాల్కనీలో మార్టిన్ లూథర్ కింగ్‌ని కాల్చి చంపారు. అప్పటికి ఈ ఆల్బమ్ నాష్‌విల్ రికార్డింగ్ ముగిసి మూడు వారాలు. ఆ మోటెల్ ఇప్పుడు పౌరహక్కుల మ్యూజియం. తెల్లవాళ్ల పాట ఇది, నల్లవాళ్ల పాట అది అని రేడియోలు కూడా గీత గీసుకున్న కాలం. ఆ ఏడాదే ఒక రాక్ బ్యాండ్ మెంఫిస్ సోల్ పాటని కంట్రీ ఆల్బమ్‌లో పెట్టింది. ఆ మోటెల్ ముందు నిలబడి ఆలోచిస్తే అది చిన్న పనిలా అనిపించదు.

నాష్‌విల్: పొద్దున్నుంచే పాటలు

నాష్‌విల్ బ్రాడ్‌వే వీధి గురించి ఒక్క ముక్కలో చెప్పాలంటే, జాతరకి సెలవు లేదు. టిఫిన్ వేళ దాటగానే బార్లలో లైవ్ బ్యాండ్‌లు మొదలవుతాయి. చాలాచోట్ల టికెట్ ఉండదు, నచ్చితే బకెట్‌లో టిప్ వేయాలి. వరసగా బూట్ల షాపులు, టోపీల షాపులు. పెళ్లి కాబోయే అమ్మాయిలు స్నేహితురాళ్లతో తెల్ల బూట్లేసుకుని, పెడల్ తొక్కే బండ్ల మీద అరుచుకుంటూ పోతారు. హాట్ చికెన్ తిన్న మా వాడు రెండు గ్లాసుల నీళ్లు తాగి, "గుంటూరోళ్లకి చెప్పకురా" అన్నాడు.

ఈ సందడికి రెండడుగుల దూరంలో ఎర్ర ఇటుకల భవనం ఒకటుంది. చూస్తే చర్చి అనుకుంటారు. నిజానికి చర్చిగానే కట్టారు, 1892లో. కట్టించింది టామ్ రైమన్ అనే స్టీమర్ల యజమాని. 1943 నుంచి 1974 దాకా 'గ్రాండ్ ఓల్ ఆప్రీ' అనే రేడియో షో ఇక్కడి నుంచే వచ్చేది. 1925లో మొదలైన ఆ షో ఇప్పటికీ నడుస్తోంది. కంట్రీ గాయకుడికి ఆప్రీలో పాడటం అంటే, కర్ణాటక సంగీత విద్వాంసుడికి తిరువయ్యూరు ఆరాధనలో పాడటం లాంటిది.

పగలు టికెట్ కొని రైమన్ లోపలికి వెళ్లొచ్చు. సీట్లన్నీ చర్చి బెంచీలే, పొడుగ్గా వంపు తిరిగి ఉంటాయి. స్టేజీ మీద మైక్ ముందు నిలబడి ఫొటో కూడా దిగొచ్చు. నేనూ దిగాను. నిలబడ్డాక తెలిసిందేమిటంటే, జనం చాలా దగ్గరగా ఉంటారు. మొదటి వరసలో ఎవరైనా మూతి తిప్పితే పాడేవాడికి కనపడి తీరుతుంది.

1968 మార్చి 15

ఆ శుక్రవారం రాత్రి బర్డ్స్ ఇదే స్టేజీ ఎక్కారు. మార్చి 9 నుంచి వాళ్లు నాష్‌విల్‌లోని కొలంబియా స్టూడియోలో ఈ ఆల్బమ్ రికార్డ్ చేస్తున్నారు. కంపెనీవాళ్లు ఆప్రీలో చాన్స్ ఇప్పించారు. ఆప్రీలో పాడిన మొదటి రాక్ బ్యాండ్ వీళ్లేనని చెబుతారు.

బ్యాండ్‌లో కొత్తగా చేరిన కుర్రాడు గ్రామ్ పార్సన్స్. వయసు 21. జార్జియా, ఫ్లోరిడాల్లో పెరిగాడు. కమలా తోటలున్న డబ్బున్న కుటుంబం. హార్వర్డ్‌లో చేరి ఒక్క సెమిస్టర్‌కే మానేశాడు. బ్యాండ్ పెద్ద రోజర్ మెగ్విన్. పార్సన్స్, బాసిస్ట్ క్రిస్ హిల్‌మన్ కలిసి మెగ్విన్‌ని కంట్రీ వైపు లాగారు.

జనానికి వీళ్ల జుట్టు నచ్చలేదు. హిప్పీలు మా గుడిలోకి వచ్చారన్నట్టు చూశారు. బ్యాండ్ పేరుని ఎగతాళి చేస్తూ హాల్లో "ట్వీట్, ట్వీట్" అని పిట్ట కూతలు కూశారట. ముందుగా ఒప్పుకున్న ప్రకారం మెర్ల్ హ్యాగర్డ్ పాటలు రెండు పాడాలి. మొదటిది పాడారు. రెండోది అనౌన్స్ చేశారు కూడా. అప్పుడు పార్సన్స్ మైక్ దగ్గరకొచ్చి, ఆ పాట కాదు, నా సొంత పాట పాడతానన్నాడు. తన అవ్వకి అంకితమిచ్చి 'హికరీ విండ్' అందుకున్నాడు. చిన్నప్పటి చెట్లూ, ఆ గాలీ గుర్తొచ్చి, ఊరు కాని ఊర్లో దిగులుపడే పాట అది.

లైవ్ రేడియోలో చెప్పిన పాట మార్చడమంటే, ప్రొడక్షన్‌లో చెప్పాపెట్టకుండా కోడ్ మార్చేయడమే. ఆప్రీ వాళ్లకి ఒళ్లు మండింది. ఆప్రీలో బర్డ్స్ కథ అక్కడితో ముగిసింది.

రాక్ అభిమానులైనా నెత్తిన పెట్టుకున్నారా? అదీ లేదు. 1965లో నంబర్ వన్ పాట ఇచ్చిన బ్యాండ్, ఉన్నట్టుండి ఫిడేలు, బాంజో వాయిస్తుంటే వాళ్లకి అర్థం కాలేదు. కంట్రీ వాళ్లకి హిప్పీలు, హిప్పీలకి పల్లెటూరి బైతులు.

గొంతు ఎవరిది?

ఈ ఆల్బమ్ కథలో నాకు బాగా దగ్గరగా అనిపించేది యాక్సెంట్ గొడవ.

పార్సన్స్ అంతకుముందు ఇంకో రికార్డ్ కంపెనీతో కాంట్రాక్ట్‌లో ఉన్నాడు. ఆ కంపెనీ అడ్డం తిరిగింది. దాంతో మూడు పాటల్లో అతని గొంతు తీసేసి మిగతావాళ్లు మళ్లీ పాడారు. లీగల్ సమస్యే కారణమని మెగ్విన్ చెప్పాడు. ఆల్బమ్ మొత్తం పార్సన్స్‌దే అయిపోతుందన్న భయం కూడా ఉందని నిర్మాత గ్యారీ అషర్ అన్నాడు. ఏదైతేనేం, షికాగోలో పుట్టిన మెగ్విన్ ఆ పాటల్లో దక్షిణాది యాస పెట్టి పాడాడు. 'ద క్రిస్టియన్ లైఫ్' వినండి, యాస కాస్త ఎక్కువే అయింది. పార్సన్స్ పాడిన వెర్షన్లు 1990లో బాక్స్ సెట్‌లో బయటికొచ్చాయి. రెండూ పక్కపక్కన వింటే తేడా ఇట్టే తెలుస్తుంది.

మనలో ఎంతమందిమి పొద్దున స్టాండప్ కాల్‌లో ఒక యాక్సెంట్, సాయంత్రం అమ్మతో ఫోన్‌లో ఇంకో యాసా మాట్లాడం? అమెరికాలో ఉన్నవాళ్లకే కాదు, హైదరాబాద్‌లో క్లయింట్ కాల్ ఎత్తేవాళ్లకీ ఇది తెలుసు. అందుకే నేను మెగ్విన్‌ని వెక్కిరించలేను. కానీ ఆల్బమ్‌లో గుండెకి తగిలేది మాత్రం 'హికరీ విండ్'. అందులో పార్సన్స్ గొంతు అలాగే మిగిలింది. యాస పెట్టుకోవాల్సిన అవసరమే లేదు, అది అతని ఊరి మాట.

ఇంకో విషయం. ఆ రాత్రి రైమన్ జనం కాపాడుకోవాలనుకున్న 'అసలైన కంట్రీ' ఎక్కడిది? బాంజో మూలం ఆఫ్రికా, బానిసలుగా తెచ్చినవాళ్ల ద్వారా వచ్చింది. స్టీల్ గిటార్ హవాయి దీవుల్లో పుట్టింది. యోడెల్ కూత ఆల్ప్స్ కొండలది. ఫిడేలు, మాండొలిన్ యూరప్‌వి. చివరికి ఈ ఆల్బమ్ కవర్ మీద కౌబాయ్ బొమ్మలు గీసిన జో మోరా కూడా ఉరుగ్వేలో పుట్టినవాడే. కలిసి కలిసి తయారైన సంగీతం, ఇంకో కలయికని చూసి తలుపేసుకుంది.

మనకిది కొత్త కాదు. యూరప్ వయొలిన్‌ని ఫిడేలు అని పిలుచుకుని, ద్వారం వెంకటస్వామి నాయుడు గారి చేతిలో విని మనదే అనుకున్నాం. పాలకొల్లులో 1969లో పుట్టిన యు. శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండొలిన్ పట్టుకుని కర్ణాటక సంగీతంలోకి వచ్చినప్పుడు, ఈ వాయిద్యంలో గమకం పలుకుతుందా అని కొందరు పెదవి విరిచారు. తర్వాత ఆ వాయిద్యమే ఆయన ఇంటిపేరైంది. ఆప్రీలో బిల్ మన్రో వాయించిన మాండొలినూ, శ్రీనివాస్ వాయించిన మాండొలినూ ఒక కుటుంబమే. వాయిద్యం అరువుదైనా ఇద్దరి చేతిలోనూ పలికింది సొంత మాటే.

పెడల్ స్టీల్ కూడా అంతే. చిన్న బల్లలా ఉంటుంది. కుడి చేత్తో మీటుతూ, ఎడమ చేత్తో ఇనుప కడ్డీ జరుపుతూ, కాళ్లతో పెడల్స్ తొక్కుతారు. స్వరం ఒక మెట్టు నుంచి ఇంకో మెట్టుకి దూకదు, జారుతుంది. ఈ ఆల్బమ్‌లో లాయిడ్ గ్రీన్, జేడీ మానెస్ వాయించింది వింటే, సంగీతం రాని మీ నాన్నగారు కూడా "ఇదేదో మన వీణలా జారుతోందే" అంటారు.

తలుపు మళ్లీ తెరుచుకుంది

పార్సన్స్ బర్డ్స్‌లో ఉన్నది కొన్ని నెలలే. 1968 జూలైలో, వర్ణవివక్ష ఉన్న దక్షిణాఫ్రికాకి టూర్ రానని తప్పుకున్నాడు. అసలు కారణం అది కాదని మిగతావాళ్లు అన్నారు. తర్వాత హిల్‌మన్‌తో కలిసి ఫ్లయింగ్ బరీటో బ్రదర్స్ పెట్టాడు. ఆ బ్యాండ్‌లో వాయించిన బెర్నీ లెడన్ ఈగల్స్ మొదటి నలుగురిలో ఒకడయ్యాడు. హాస్టల్ గిటార్‌కి లింక్ ఇక్కడుంది. 1973 సెప్టెంబర్ 19న, కాలిఫోర్నియా ఎడారిలో జాషువా ట్రీ దగ్గర ఒక మోటెల్‌లో పార్సన్స్ డ్రగ్స్ వల్ల చనిపోయాడు. వయసు 26. ఇప్పుడు నాకున్న వయసు కూడా అతనికి రాలేదు.

ఆప్రీ 1974లో కొత్త భవనానికి మారిపోయింది. రైమన్ స్టేజీ నుంచి ఓక్ చెక్కని గుండ్రంగా కోసి పట్టుకెళ్లారు. పాత హాల్ పాడుబడింది. 1991లో ఎమిలూ హారిస్ అక్కడ కొన్ని కచేరీలు చేసింది. బాల్కనీ కింద జనాన్ని కూర్చోనివ్వడానికే భయపడే స్థితిలో ఉందా భవనం. రాత్రికి సుమారు 200 మందినే రానిచ్చారు. ఆ రికార్డింగ్ 1992లో ఆల్బమ్‌గా వచ్చాక రైమన్ మీద మళ్లీ అందరి దృష్టీ పడింది. బాగుచేసి 1994లో తెరిచారు.

ఈ ఎమిలూ ఎవరో తెలుసా? పార్సన్స్ చివరి రెండేళ్లలో అతని పక్కన నిలబడి పాడిన అమ్మాయి. కంట్రీ పాట ఎలా పాడాలో అతని దగ్గరే నేర్చుకున్నానని ఆమె చెప్పుకుంది. అతన్ని ఎగతాళి చేసిన హాల్ నిలబడటానికి అతని శిష్యురాలు ఒక కారణమైంది. 2018లో, ఆల్బమ్‌కి 50 ఏళ్లు నిండినప్పుడు, మెగ్విన్, హిల్‌మన్ ఇద్దరూ మార్టీ స్టువర్ట్ బృందంతో రైమన్‌కి తిరిగొచ్చి అవే పాటలు పాడారు. ఈసారి పిట్ట కూతలు లేవు.

మీరు నాష్‌విల్ వెళ్తే బ్రాడ్‌వేలో ఒక్క గంట తగ్గించుకుని రైమన్‌కి వెళ్లండి. వెళ్లలేకపోతే 33 నిమిషాలూ కాని ఈ ఆల్బమ్‌ని ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని స్కిప్ కొట్టకుండా వినండి. ముందు విలియం బెల్ పాట, తర్వాత బర్డ్స్ పాట, ఆ తర్వాత 'హికరీ విండ్'. ఆ మూడో పాట వింటున్నప్పుడు మీకు ఏ ఊరి గాలి గుర్తొస్తుందో నాకు చెప్పక్కర్లేదు. ఆ ఊళ్లో ఎవరున్నారో వాళ్లకి ఒక ఫోన్ కొట్టండి, మీ యాసలోనే.