చెయ్యి వెనక్కి లాగకు!

అరవై ఎనిమిదో ఏట గురువు దొరకడం అదృష్టమే. ఆ గురువు సొంత మనవడు కావడం, వాడికి పదకొండేళ్ళే కావడం మాత్రం కాస్త నామోషీ.

పోయిన వేసవిలో నేనూ మా ఆవిడా ఇంగ్లండులో ఉన్న మా అబ్బాయి దగ్గరికి వెళ్ళాం. వాళ్ళ కారు షెడ్డు గోడకి డార్టుల బోర్డు వేలాడుతోంది. 2025 జనవరిలో లూక్ లిట్లర్ అనే పదిహేడేళ్ళ కుర్రాడు ఈ ఆటలో ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. అప్పట్నించీ మావాడికి అదే పిచ్చి.

బోర్డు నడిమి చుక్క నేలకి 5 అడుగుల 8 అంగుళాల ఎత్తు. మనం నిలబడే గీత 7 అడుగుల 9¼ అంగుళాల దూరం. ‘ఇంతేనా! మామిడితోటల్లో రాళ్ళు రువ్విన చెయ్యి ఇది’ అనుకుని విసిరాను. మొదటిది గోడకి తగిలింది. రెండోది అట్టపెట్టెలో దిగింది. మూడోది 20కి గురి పెడితే 1లో గుచ్చుకుంది.

“20కి ఒక పక్క 5, ఇంకో పక్క 1 ఉంటాయి తాతయ్యా. కొంచెం తప్పినా నష్టమే,” అన్నాడు మనవడు.

పాఠాలు మొదలయ్యాయి. బరువంతా ముందుకాలి మీద వెయ్యాలి. ఒళ్ళు ఊగకూడదు. మోచెయ్యి నిలకడగా ఉండి, ముంజెయ్యే కదలాలి. డార్టుని పిసకకూడదు, జారనివ్వనూ కూడదు. “ముందు మూడూ ఒకేచోట పడేట్టు చూడు. అది ఎక్కడైనా సరే. గురి తర్వాత సర్దుకోవచ్చు. మూడూ మూడు దిక్కులకి పోతే దేన్ని సర్దుతావు?” అన్నాడు. సబబుగానే తోచింది.

అయినా నా డార్టులు కిందికే పోతున్నాయి. నాలుగోరోజున వాడు రోగం కనిపెట్టాడు.

“నువ్వు విసరగానే చెయ్యి వెనక్కి లాక్కుంటున్నావు తాతయ్యా! వదిలాక కూడా చెయ్యి బోర్డువేపే సాగాలి. లాక్కోవాలనే తొందరలో వదిలేటప్పుడే అది వంకర పోతోంది.”

గుమ్మంలో చిక్కుళ్ళు ఒలుస్తున్న మా ఆవిడ నవ్వింది. “అది మీ తాతయ్యకి పాత అలవాటేరా. ఇచ్చినట్టే ఇచ్చి లాక్కుంటారు.”

అక్కడే ఉన్న మా అబ్బాయి తల వంచుకున్నాడు. నాకు చురుక్కుమంది. వాడి పై చదువుకి రెండెకరాలు అమ్మి ఇచ్చినమాట నిజమే. కాని ఈ ఇరవై ఏళ్ళలో ఆ రెండెకరాల ఊసు లేకుండా వాడితో ఒక్కసారి మాట్లాడానా?

ఆ రాత్రి భోజనాల దగ్గర వాడు, “ఇల్లు మీకు నచ్చిందా నాన్నా?” అన్నాడు. రెండెకరాలు నాలిక చివరిదాకా వచ్చాయి. చారుతోపాటు మింగేశాను. “మంచి ఇల్లురా. సుఖంగా ఉండండి,” అని ఊరుకున్నాను. వాడు మిగతా మాటకోసం కాసేపు చూశాడు. మిగతాది లేదు.

మర్నాడు వాడే షెడ్డులోకి వచ్చి, “ఒక ఆట వేద్దామా నాన్నా?” అన్నాడు. ఓడిపోయాననుకోండి. అయితే ఒక డార్టు మాత్రం తిన్నగా వెళ్ళి 20లో దిగింది. మనవడు చప్పట్లు కొట్టాడు.

“బాగానే ఉంది, ఇంక చెయ్యి దించండి,” అంది మా ఆవిడ.