ఉత్తుత్తి కడుపు, నిజం పాలు

మా బుజ్జి నెల తప్పిందని మొట్టమొదట తేల్చింది మా అమ్మ.

బుజ్జి అంటే మా ఇంట్లో ఉండే రెండేళ్ళ లాబ్రడార్. అమ్మ అంటే ఆర్నెల్ల వీసా మీద తెనాలి నుంచి ఇంగ్లండులోని రెడింగుకి వచ్చిన మా అమ్మ. వచ్చిన కొత్తలో "కుక్క వంటింట్లోకి రావడమేంట్రా, శుచీ శుభ్రం లేకుండా!" అని గోల పెట్టిన మనిషి, నెల తిరక్కుండానే దానికి పెరుగన్నం కలిపి పెట్టడం మొదలెట్టింది. అంచేత బుజ్జిలో ఏ తేడా వచ్చినా ముందు తెలిసేది ఆవిడకే.

తేడా అంటే మామూలు తేడా కాదు. తిండి మానేసింది. సోఫా వెనక దుప్పటిని కాళ్ళతో గీకి గీకి గూడులా చేసుకుంది. నా సాక్సులు రెండూ, మా పాప కుందేలు బొమ్మా తీసుకెళ్ళి అందులో పెట్టుకుని, వాటి చుట్టూ ముడుచుకుని పడుకుంది. దగ్గరకెళితే గుర్రుమంటోంది! రొమ్ములు వాచాయి. అమ్మ చెయ్యి వేసి చూసి, "పాలు పడ్డాయిరా" అంది.

నాకు నమ్మబుద్ధి కాలేదు. రెండు నెలల కిందట అది ఎదకొచ్చినప్పుడు మూడు వారాల పాటు తాడు లేకుండా గడప దాటనివ్వలేదు. మరి కడుపెలా వస్తుంది?

వెట్ దగ్గరికి తీసుకెళ్ళాం. ఆవిడ పొట్ట తడిమి, స్కాన్ తీసి, పిల్లల్లేవు, ఇది ఫాల్స్ ప్రెగ్నెన్సీ అని చెప్పింది. నేను ఇంటికొచ్చి అమ్మకి "ఉత్తుత్తి కడుపటమ్మా, దానికేం లేదు" అని తెలుగు చేసి చెప్పాను.

"పాలు ఉత్తుత్తివి కాదుగా?" అంది అమ్మ.

ఆ ప్రశ్నకి జవాబు కోసం కూర్చుని చదివితే తేలిందేమిటంటే, అమ్మే కరెక్టు. మనుషుల్లో అండం విడుదలయ్యాక గర్భం నిలవకపోతే రెండు వారాల్లో ప్రొజెస్టిరాన్ పడిపోయి, ఆ నెల కథ ముగుస్తుంది. కుక్కల్లో అలా కాదు. కడుపు నిలిచినా నిలవకపోయినా, ఆ ప్రొజెస్టిరాన్ రెండు నెలల దాకా దాదాపు ఒకేలా ఉంటుంది. కుక్క నిజంగా పిల్లల్ని మోసేది కూడా సుమారు 63 రోజులేగా! ఆ గడువు తీరేసరికి ప్రొజెస్టిరాన్ పడిపోతుంది, పాలు పట్టించే ప్రొలాక్టిన్ పెరుగుతుంది. మా భాషలో చెప్పాలంటే, ఆ ప్రోగ్రాములో 'లోపల పిల్లలున్నాయా' అని అడిగే ఇఫ్ కండిషనే లేదు. ఆపరేషన్ చేయించని ఆడకుక్కలన్నిటిలోనూ ఎంతో కొంత ఇదే నడుస్తుంది. కొన్నిట్లో మాత్రం ఇలా పాలు పడేదాకా వెళ్తుంది. తోడేళ్ళ గుంపులో ఒక తల్లి ఈనితే, ఈనని ఆడవి కూడా ఆ పిల్లల్ని సాకడానికి పనికొచ్చేలా ఏర్పడిన లక్షణం ఇదని కొందరి ఊహ.

సరే, ఏం చెయ్యాలి? చాలావరకు ఏమీ చెయ్యక్కర్లేదు, రెండు మూడు వారాల్లో అదే సర్దుకుంటుంది. పాలు పిండకూడదు, పొట్ట రుద్దకూడదు, దాన్ని నాక్కోనివ్వకూడదు. ఎంత తీస్తే అంత ఊరతాయి. ఎక్కువసేపు నడిపించి ధ్యాస మళ్ళించాలి. రొమ్ము ఎర్రగా, వేడిగా, గట్టిగా అయితే మాత్రం వెంటనే వెట్‌కి చూపించాలి. ఎదకొచ్చిన తర్వాతి వారాల్లో నీళ్ళు విపరీతంగా తాగడం, వాంతులు, నీరసం, చీము కారడం కనిపిస్తే అది వేరే జబ్బు, గర్భసంచిలో చీము పట్టడం. ప్రాణం మీదికొస్తుంది, గంటలు కూడా ఆగకూడదు.

బొమ్మని నెమ్మదిగా తప్పించమని కూడా చెప్పింది వెట్. ఆ రాత్రి నేను కుందేలు తియ్యబోతే అమ్మ చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఒక్కసారే లాక్కోకురా. పిల్ల పోయినంత మాత్రాన పాలకేం తెలుసు?"

నా ముందు ఒక ఆడపిల్ల పుట్టి పోయిందని నాకు తెలుసు. తెలుసంటే, ఎవరైనా 'ఎంతమంది పిల్లలు' అని అడిగినప్పుడు అమ్మ చెప్పే లెక్కలో భాగంగా తెలుసు, అంతే. ఆ రాత్రి సోఫా పక్కన కూర్చుని మిగతాది చెప్పింది. మూడు రోజులు బతికిందట. పిల్లని తీసుకెళ్ళిపోయిన మర్నాడు పాలు పొంగాయట. జ్వరం, సలుపు, చీరంతా తడి. మా నాయనమ్మ మల్లెపూలు తెప్పించి, గుడ్డలో చుట్టి రొమ్ములకి కట్టిందట. "వాడినప్పుడల్లా కొత్తవి కట్టేది. పరామర్శకొచ్చినవాళ్ళు ఎవరూ పాల సంగతి అడగలా. ఇక పిల్లే లేదు కదా, ఇంకేముందీ అన్నట్టు ఉండేవాళ్ళు."

అక్కకి ఏం పేరు పెట్టారని అడిగాను. "పేరు పెట్టేలోగానే పోయిందిగా" అంది.

మల్లెపూల కట్టుని నేను పల్లెటూరి నమ్మకం అనుకునేవాణ్ణి. వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ డాక్టర్లు దాన్ని బాలింతల మీద బ్రోమోక్రిప్టిన్ అనే మందుతో పోల్చి చూసి, 1988లో ప్రచురించారు. ప్రొలాక్టిన్‌ని మందే ఎక్కువ తగ్గించింది గానీ, పాలు తగ్గించడంలో పూలూ బాగానే పనిచేశాయట. పాలు తగ్గకపోతే కుక్కలకిచ్చే కేబర్గోలిన్ కూడా ఆ జాతి మందే. బిడ్డ పోయిన తల్లులకి పాలు ఆగడానికి ఇక్కడి ఆసుపత్రుల్లో ఇచ్చేది కూడా అదే. కుక్కకీ మనిషికీ ప్రొలాక్టిన్ చేసే పని ఒకటే మరి.

బుజ్జికి మందు అవసరం రాలేదు. సాక్సులు మొదటివారం, కుందేలు రెండోవారం బయటికొచ్చాయి. మూడోవారానికి గిన్నె ఖాళీ చెయ్యడం మొదలెట్టింది.

మిగిలింది ఆపరేషన్ సంగతి. అమ్మ మొదట్నుంచీ "ఒక్క కాన్పు కానివ్వండి, అన్నీ సర్దుకుంటాయి" అనే పక్షం. మా ఆవిడ "దాని ఒంటి మీద నిర్ణయం మనదేంటి" అంటుంది. నిజానికి ఒకసారి ఈనితే ఇది పోతుందనేది అపోహే, తర్వాతి ఎదకి మళ్ళీ రావచ్చు. అలాగని పాలున్నప్పుడు కొయ్యకూడదు. అండాశయాలు తియ్యగానే ప్రొజెస్టిరాన్ ఒక్కసారిగా పడిపోయి, ఈ స్థితి పొడిగిపోయే ప్రమాదముంది. పూర్తిగా ఎండాకే చెయ్యాలి. ఇదంతా అమ్మకి విడమర్చి చెప్పాను.

అంతా విని, కాసేపాగి, "అయితే ఆర్నెల్లకోసారి ఆ తడుముకోవడం దానికెందుకురా? చేయించెయ్" అంది.

రెండు నెలలాగి చేయించాం. కుట్లు విప్పేదాకా దాని పక్కన పడుకుంది అమ్మే.