ఫౌల్ నాదే
(ధూల్‌పేట్ ముచ్చట్లు - 9)

క్రికెట్‌లో అంపైర్ ఉంటాడు. కబడ్డీలో రెఫరీ విజిల్ ఊదుతాడు. పూల్ ఆటలో మాత్రం పోటీల్లో కూడా చాలా టేబుళ్ల దగ్గర ఎవరూ ఉండరు. ఇద్దరు ఆటగాళ్లే. ఒకడు కొడుతుంటే రెండోవాడే రెఫరీ. ఇది రూల్ బుక్కులో ఉన్న మాటే. కానీ ఆ రెండోవాడు అవతల కుర్చీలో కూర్చుని ఉంటాడు. చొక్కా చెయ్యి బంతికి తగిలిందా, కర్ర తెల్లబంతిని రెండుసార్లు తాకిందా అనేది అక్కడినుంచి కనపడదు. కొట్టినవాడికే తెలుస్తుంది. వాడే చెప్పాలి. చెప్తే ఆట అవతలివాడి చేతికి పోతుంది.

కర్ర ఎప్పుడూ పట్టని తమ్ముళ్లు, చెల్లెళ్లు ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకుంటే చాలు. ఈ ఆటలో నీ మాటే సాక్ష్యం. అది నీకు వ్యతిరేకంగా నువ్వే ఇచ్చుకునే సాక్ష్యం.

ధూల్‌పేట్ అనగానే మీలో చాలామందికి మూడు గుర్తొస్తాయి. గణపతి విగ్రహాలు, పతంగులు, గుడుంబా. మొదటి రెండూ చేతిపనులు. మూడోది పేపర్ల వాళ్లు పెట్టిన ఇంటిపేరు. తెలంగాణ వచ్చాక సర్కారు గుడుంబా బట్టీలు బంద్ చేయించింది. ఇప్పుడు ఆ జాగాలో గంజాయి కేసుల వార్తలు వస్తున్నాయి. ఇక్కడ ఎక్కువమంది లోధీలు. ఎప్పుడో బుందేల్‌ఖండ్ వైపు నుంచి వచ్చినోళ్లమని చెప్పుకుంటారు. వాళ్ల మధ్యనే మావాళ్ల ఇండ్లు కూడా ఉన్నాయి. పేపర్ చదివేవాడికి మాత్రం అందరం ఒకటే. ధూల్‌పేటోళ్లం.

ఇక్కడ ఒక మడిగె పైన పూల్ పార్లర్ ఉంది. మూడు టేబుళ్లు. ఒకదాని గుడ్డ చిరిగితే టేప్ అంటించారు. గంటకింత అని కిరాయి. ఓడినోడే టేబుల్ పైసలు కట్టాలి. ఈ ఒక్క కట్టడి వల్ల ఇక్కడ ఫౌల్ ఒప్పుకోవడం అంటే ఉత్త మర్యాద కాదు, జేబులోంచి పైసలు తీయడం.

మొన్న ఒక రాత్రి అక్కడ ఇద్దరు ఆడుతుంటే చూస్తున్నాను. ఒకడు విగ్రహాల కార్ఖానాలో పనిచేసే మాదిగ పిల్లగాడు. గోళ్ల సందుల్లో ప్లాస్టర్ తెల్లగా ఉంది. రెండోవాడు పతంగులు కట్టే ఇంటివాడు, లోధీ. ఎయిట్ బాల్ ఆట. మావాడికి నల్లబంతి ఒక్కటే మిగిలింది. అవతలివాడిది ఇంకో బంతి అడ్డంగా ఉంది. దాని మీదుగా వంగి కొట్టాడు. నల్లబంతి పాకెట్‌లో పడింది. చూసేవాళ్లు ఈలలు వేశారు.

వాడు కర్ర కింద ఆనించి నిలబడ్డాడు. "ఆగు అన్నా. తాకింది. ఫౌల్ నాదే."

చొక్కా చెయ్యి ఆ అడ్డంగా ఉన్న బంతిని తగిలిందంట. ఆ పార్లర్‌లో ఏ బంతికి తాకినా ఫౌలే. నల్లబంతి పడేటప్పుడు ఫౌల్ అయితే ఆట మొత్తం పోయినట్టే. పక్కన నిలబడ్డ దోస్తు చెవిలో అన్నాడు, "కోయీ నై దేఖా రే." వాడు గట్టిగానే చెప్పాడు, "మై తో దేఖా నా." జేబులోంచి పైసలు తీసి కౌంటర్ మీద పెట్టాడు. గెలిచినోడు కింది హోటల్ నుంచి వన్ బై టూ చాయ్ తెప్పించాడు. ఇద్దరూ తాగారు. అక్కడ ఎవ్వరూ దాన్ని పెద్ద విషయం అనుకోలేదు.

నేను మాత్రం ఆ "తాకింది" అనే మాట దగ్గర ఆగిపోయాను.

పూల్‌కు దగ్గరి చుట్టం స్నూకర్ 1875లో మన జబల్‌పూర్‌లోనే, బ్రిటిష్ ఆఫీసర్ల మెస్‌లో పుట్టిందని చెప్తారు. తాకితే ఫౌల్ అనే రూల్ ఈ దేశంలో అంతకంటే చాలా పాతది. తేడా ఒక్కటే. టేబుల్ మీద ఎవరు తాకినా ఫౌలే, తాకినవాడే చెప్తాడు. కులంలో తాకినవాళ్లం ఎప్పుడూ మనమే, చెప్పేవాళ్లు ఎప్పుడూ వాళ్లే. ఆటగాళ్లు వాళ్లే, రెఫరీలు వాళ్లే, రూల్ రాసిందీ వాళ్లే.

పల్వంకర్ బాలూ పేరు మీలో ఎంతమంది విన్నారు? 1876లో పుట్టిన చమార్ బిడ్డ. పూనా క్లబ్బులో పిచ్ చూసుకునే పనివాడు, దొరలకు నెట్స్‌లో బౌలింగ్ చేసి చేసి గొప్ప స్పిన్నర్ అయ్యాడు. గెలవాలంటే ఆయన కావాలి కాబట్టి హిందువుల జట్టు తీసుకుంది. మైదానంలో వాళ్లు పట్టుకున్న బంతినే ఆయనా పట్టుకోవచ్చు. టీ టైం కాగానే ఆయనకు బయట, మట్టి ముంతలో చాయ్. 1911లో ఇంగ్లండ్ టూర్‌కు పోయి నూరుకు పైగా వికెట్లు తీశాడు. కెప్టెన్ మాత్రం కానివ్వలేదు. హిందువుల జట్టుకు ఆయన తమ్ముడు విఠల్ కెప్టెన్ అయ్యేసరికి 1923 వచ్చింది. ఆ ముంత కూడా ఫౌలే. కానీ ఆ జట్టులో చెయ్యెత్తి "ఫౌల్ మాదే" అన్నవాడు ఎవడు?

మళ్లీ మా పిల్లగాడి దగ్గరికి వస్తా. అదే రాత్రి వాడి బండి మీద వెనక కూర్చుని వస్తున్నాను. చెకింగ్‌లో ఆపారు. "బ్యాగుల ఏముంది?" "రంగు డబ్బాలు సార్." "ఏడికెళ్లి వస్తున్నవ్?" "ధూల్‌పేట్ సార్." "నిజం చెప్పు."

నిజమే చెప్పాడు. గంట కింద, ఎవరూ అడగకముందే నిజం చెప్పి పైసలు పోగొట్టుకున్నవాడు. ఇక్కడ అడిగితే చెప్పిన నిజం చెల్లలేదు. డబ్బాలన్నీ రోడ్డు మీద పెట్టించి, ఒక్కొక్కటి మూత తీయించి చూశారు. మనిషి అదే, నాలుక అదే. పార్లర్‌లో సాక్ష్యం అయిన మాట ఊరి పేరు చెప్పగానే అబద్ధం ఎట్లా అయ్యింది?

దీనికి పెద్ద చరిత్ర ఉంది. 1871లో బ్రిటిష్ వాళ్లు క్రిమినల్ ట్రైబ్స్ చట్టం తెచ్చి, కొన్ని కులాలను, తెగలను పుట్టుకతోనే దొంగలని రాసుకున్నారు. స్టువర్టుపురంలో ఎరుకల వాళ్లను అట్లాగే సెటిల్‌మెంట్‌లో పెట్టారు. 1952లో ఆ చట్టం పోయింది. చూపు పోలేదు. పుట్టుకే ఫౌల్ అయినచోట తప్పు ఒప్పుకోవడానికి ఇంకేం మిగులుతుంది?

ఇంకో సంగతి చూడండి. 1872 నాటి సాక్ష్యాధారాల చట్టం 25వ సెక్షన్ ప్రకారం పోలీసు ముందు ఇచ్చిన ఒప్పుకోలు నిందితుడి మీద రుజువుగా చెల్లేది కాదు. 2024 జులై నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియంలో కూడా, 23వ సెక్షన్‌గా, ఆ మాట ఉంది. నీకు వ్యతిరేకంగా నిన్నే సాక్ష్యం చెప్పమని బలవంతం చేయకూడదని రాజ్యాంగం 20(3)లో ఉంది. అంటే లాఠీ కింద వచ్చిన "నాదే తప్పు"కు విలువ లేదని చట్టానికి కూడా తెలుసు. ఆ మాటకు విలువ భయం లేనిచోటే ఉంటుంది.

అందుకే మన బస్తీ పిల్లలకు "నిజాయితీ నేర్చుకోండి" అని ఉపన్యాసాలు ఇచ్చేవాళ్లను చూస్తే నాకు నవ్వొస్తుంది. మా దగ్గర నిజాయితీకి కరువు లేదు. మా మాటను నమ్మే చెవులకే కరువు.

ఆటల్లో నిజాయితీకి గుండప్ప విశ్వనాథ్ కథ చెప్తారు. 1980 ఫిబ్రవరి, బొంబాయిలో గోల్డెన్ జూబ్లీ టెస్ట్. ఇంగ్లండ్ 58 పరుగులకే 5 వికెట్లు పోగొట్టుకుని ఉంది. బాబ్ టేలర్‌ను అంపైర్ ఔటిచ్చాడు. బంతి బ్యాటుకు తగల్లేదని కెప్టెన్ విశ్వనాథ్ అప్పీల్ వెనక్కి తీసుకున్నాడు. టేలర్ 43 కొట్టాడు, బోథమ్ సెంచరీ చేశాడు, మనం పది వికెట్ల తేడాతో ఓడిపోయాం. నాకు ఆయనంటే గౌరవం. ఎందుకంటే ఆయన చేతిలో అప్పుడు అధికారం ఉంది. అంపైర్ తీర్పు తనవైపే ఉంది. నోరు మూసుకుంటే సరిపోయేది. తీర్పు తనవైపు ఉన్నవాడు చెప్పినప్పుడే ఆ మాటకు బరువు. ఈ లెక్కన ఈ దేశంలో అందరికంటే ముందు చెయ్యెత్తాల్సింది ఎవరో మీకు వేరే చెప్పక్కర్లేదు.

కానీ వాళ్లను అడిగి ఊరుకుంటే కాదు. మన టేబుళ్ల మీద రెఫరీ ఎవరు? సంఘంలో చందా లెక్క చెప్పేటప్పుడు ఎవరూ చూడలేదు కదా అనుకునే వాళ్లు లేరా? మీటింగ్‌లో ఒక చెల్లె మాట్లాడుతుంటే నడుమ అందుకునే అన్నలు లేరా? మాల ఇంట్లో మాదిగను, మాదిగ ఇంట్లో డక్కలి, చిందులను ఎక్కడ కూర్చోబెడుతున్నాం? అక్కడ తీర్పు మనవైపు ఉంటుంది. నోరు మూసుకుంటే సరిపోతుంది. అవతలివాళ్లు కంప్లయింట్ ఇచ్చేదాకా ఆగడం ఎవడైనా చేస్తాడు. దానికి ముందే చెప్పడం ఉద్యమం.

ఇంకో సగం కూడా ఉంది. చెప్పినవాణ్ణి నలుగురిలో నవ్వులపాలు చేస్తే, మర్నాటి నుంచి ఎవడూ నోరు తెరవడు. ఫౌల్ అయితే శిక్ష ఉండాలి, పైసలు కట్టాలి, ఆట పోవాలి. మనిషి పోకూడదు. తప్పు చెప్పినవాడికి శిక్ష వేసి, మళ్లీ పక్కన కూర్చోబెట్టుకునే చోటే మైత్రి ఉంటుంది. బాబాసాహెబ్ స్వేచ్ఛ, సమానత్వం పక్కన సోదరభావాన్ని కూడా ఎందుకు పెట్టాడో నాకు ఇట్లా అర్థమైంది.

వచ్చే మీటింగ్‌లో రిపోర్టుల కంటే ముందు పది నిమిషాలు దీనికి ఇయ్యండి. పదవిలో ఉన్నవాళ్లు ముందు చెప్పాలి. వినేవాళ్లు నమ్మాలి.

జై భీమ్.