సున్నా అంటే ప్రమాదం!

మా గోదావరి జిల్లాల్లో పిల్లలకి ఎక్కాలకన్నా ముందే మూడు అంకెలు వచ్చేస్తాయి. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర 11.75 అడుగులైతే మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. అంకె పెరిగేకొద్దీ గుండెల్లో దడ పెరుగుతుంది.

నేను పనిచేసే రౌటర్ల లోకంలో ఈ లెక్క తిరగేసి ఉంటుంది. ఆఫీసుల్లో నెట్‌వర్కు నడిపే ఆ పెట్టెలు తమకేం జరిగినా చిట్టా రాసుకుంటాయి. ప్రతి కబురుకీ 0 నుంచి 7 లోపు ఓ అంకె. సున్నా అంటే పెట్టె పనికిరాకుండా పోయినట్టే. 1 వెంటనే చూడాల్సింది, 2 విషమం, 3 లోపం, 4 హెచ్చరిక, 5 గమనించదగ్గది, 6 మామూలు సమాచారం. 7 అయితే రిపేరు చేసే మాలాంటివాళ్లకి తప్ప ఎవరికీ అక్కర్లేని సొద. 1980ల్లో అమెరికాలో ఎరిక్ ఆల్‌మన్ అనే ఆయన ఈమెయిల్ ప్రోగ్రాం కోసం మొదలెట్టిన పద్ధతి ఇది.

నాన్నకి చెబితే, "అదేంట్రా, సున్నా అంటే ఏమీ లేదని కదా!" అన్నారు. లంకలో యాభై ఏళ్లు వ్యవసాయం చేసిన మనిషి. "సర్లే, మరి ఏ అంకె దగ్గర గేదెల్ని విప్పాలి?"

అసలు ప్రశ్న అదే. రౌటరుకి 4 అని చెబితే 0 నుంచి 4 దాకా ఉన్నవే పంపుతుంది. 7 అంటే కబుర్లు కుప్పలుగా వచ్చిపడతాయి, ఎవరూ చదవరు.

2022 జులైలో ధవళేశ్వరం దగ్గర మూడో హెచ్చరిక జారీ అయిన వారం, ఏటిగట్టు పక్క ఊళ్లోని ఓ చిన్న ఆఫీసుకి లైను పోయింది. ఇల్లు వదిలేముందు నాలుగు డబ్బులు తీసుకుందామని వచ్చినవాళ్లు ఉత్తచేతులతో తిరిగెళ్లారు. తర్వాత నన్ను పిలిచారు. పట్నంలోని వాళ్ల పెద్దాఫీసు రౌటర్లో చూస్తే, అంతకుముందు మూడు రాత్రుల చిట్టా భద్రంగా ఉంది. లైను పోవడం, రావడం, మళ్లీ పోవడం. అన్నీ 3. అక్కడేమో 2, అంతకన్నా విషమమైనవే ఫోనుకి రావాలని పెట్టుకున్నారు. రోజూ మోగితే విసుగేగా, తప్పుపట్టలేను.

ఇంకో చిక్కుంది. ఆ అంకె వేసేది ఎక్కడో కూర్చుని ప్రోగ్రాం రాసినవాడు. ఎవరూ వాడని కంప్యూటరు తీగ ఊడినా 3, ఊరందరికీ ఉన్న ఒక్క లైను తెగినా 3. తీగ చివర ఎవరున్నారో పెట్టెకేం తెలుసు? కనకాయలంక కాజ్‌వే మీదికి నీళ్లెక్కడానికి మొదటి హెచ్చరిక దాకా ఆగక్కర్లేదు. అందుకే నాన్న ధవళేశ్వరం సంగతి తర్వాత చూస్తారు. భద్రాచలంలో 43 అడుగులన్న వార్త వినగానే గడ్డిమేటు వైపు నడుస్తారు.

ఆ ఆఫీసులో ఇప్పుడు 4 పెట్టాం. వాడని తీగల కబుర్లు రాకుండా ఆపేశాం. ఏటిగట్టు ఊరి లైను కదిలితే మాత్రం రాత్రయినా ఫోను మోగాల్సిందే. నెలకి రెండుసార్లు ఊరికే మోగుతోందని మేనేజరుగారు గొణిగారు. మోగనీండి అన్నాను.