చలికాలంలో పడవ పందెం

మొన్న జనవరిలో ఒక ఆదివారం మధ్యాహ్నం, బుద్ధున్నవాళ్ళంతా రజాయి కప్పుకుని సినిమా చూసే టైములో, నేను ఆస్టిన్ పక్కన లేక్ ట్రావిస్‌లో ఒక పడవ అంచు మీద కూర్చుని, రెండు కాళ్ళూ బయటికి వేలాడేసి వణుకుతున్నాను. పైగా నాకు ఈత అంతంతమాత్రం. ఇంజనీరింగ్‌లో ఉండగా మా ఊరి బావిలో నేర్చుకున్న కుక్క ఈత, అంతే.

ఎలా ఇరుక్కున్నానో చెప్తాను. మా ఆఫీసులో పక్క టీమ్‌లో ఒక పెద్దాయన ఉన్నాడు. అరవై దాటాయి, రిటైర్మెంట్‌కి దగ్గర. డిసెంబర్‌లో ఒకరోజు కాఫీ మెషీన్ దగ్గర నన్ను కిందనుంచి పైదాకా చూసి "నీ బరువెంత?" అన్నాడు. డెబ్భై రెండు కేజీలు అన్నాను. మొహం వెలిగిపోయింది. ఆయనకి జె/24 అనే పడవ ఉంది. ఆ క్లాసు రూల్ ప్రకారం అందులో ఎక్కేవాళ్ళందరి బరువూ కలిపి 400 కేజీలు దాటకూడదు. మిగతా నలుగురిదీ 328 అట. లెక్క మీరే వేసుకోండి. ఇన్నేళ్ళ ఉద్యోగ జీవితంలో రెజ్యూమే అడక్కుండా, ఇంటర్వ్యూ లేకుండా, కేవలం బరువు చూసి నన్ను తీసుకున్నది ఇదొక్కటే. (అంతకుముందు రోజు చేసిన బిర్యానీ లెక్కలోకి రాలేదు, అది వేరే సంగతి.)

జె/24 అంటే ఇరవై నాలుగు అడుగుల పడవ. రాడ్ జాన్‌స్టన్ అనే ఆయన డెబ్భైల్లో తన గరాజ్‌లో సొంతంగా కట్టుకున్న పడవ దీనికి మూలం. 1977 నుంచి అమ్మకాలు మొదలై ప్రపంచమంతా ఐదు వేల పైచిలుకు పడవలు నీళ్ళలోకి దిగాయి. గరాజ్‌లో పుట్టినవి మన కంప్యూటర్లు ఒక్కటే కాదన్నమాట.

చలికాలంలో పందెం ఏంటి అని నేనూ అడిగాను. ఈ చలి పందేలని ఫ్రాస్ట్‌బైట్ అంటారు. 1932 జనవరిలో న్యూయార్క్ దగ్గర మాన్‌హాసెట్ బేలో కొంతమంది సరదాకి మొదలుపెట్టారట, అక్కణ్ణుంచి అన్ని ఊళ్ళకీ పాకింది. టెక్సస్‌లో మంచు పెద్దగా పడదు గానీ ఉత్తరం నుంచి చలిగాలి తెర ఒకటి దిగుతుంది, నార్దర్ అంటారు. పొద్దున హాఫ్ చేతుల చొక్కా, సాయంత్రానికి స్వెట్టర్ మీద స్వెట్టర్. చల్లటి గాలి చిక్కగా ఉంటుంది కాబట్టి అదే వేగంలో కూడా తెరచాపని గట్టిగా తోస్తుంది. వేసవిలో పన్నెండు మైళ్ళ గాలి వేరు, జనవరిలో పన్నెండు మైళ్ళ గాలి వేరు. ఫిజిక్స్ పుస్తకంలో సాంద్రత అని చదివి వదిలేసినదాన్ని ఇక్కడ దవడ మీద కొట్టి నేర్పించారు.

లేక్ ట్రావిస్ సహజమైన సరస్సు కూడా కాదు. టెక్సస్ కొలరాడో నది మీద 1937లో మొదలుపెట్టి కట్టిన మాన్స్‌ఫీల్డ్ డ్యామ్ వెనక నిలిచిన నీళ్ళు. మన సాగర్ లాంటిదే, కాకపోతే పాములా మెలికలు. నిండితే సముద్రమట్టానికి 681 అడుగులు. 1951 కరువులో 614కి పడిపోయింది. నీళ్ళు తగ్గినప్పుడు డ్యామ్ దగ్గర కొన్ని దిబ్బలు బయటపడతాయి. వాటికి ఈ జనం పెట్టిన పేరు "సమ్‌టైమ్స్ ఐలాండ్స్". అప్పుడప్పుడూ దీవులు! ఈ పేరు పెట్టినవాడెవడో గానీ వాడికి దణ్ణం. చుట్టూ సున్నపురాయి కొండలు కావడంతో గాలి తిన్నగా రాదు, ఒక నిమిషం ఇటు, ఇంకో నిమిషం అటు.

గాలికి ఎదురుగా పడవ పోదు. ఎంత మంచి పడవైనా గాలికి సుమారు నలభై ఐదు డిగ్రీల పక్కగానే వెళ్ళగలదు. అందుకని కొంతదూరం ఎడమకి, కొంతదూరం కుడికి, మెలికలు తిరుగుతూ పైకెక్కాలి. తెరచాప విమానం రెక్కలా లాగుతుంటే, పడవ కింద ఉన్న బరువైన కీల్ పక్కకి జారకుండా ఆపుతుంది. అయినా పడవ ఒరుగుతుంది. ఒరగకుండా గాలి వచ్చేవైపు అంచు మీద కూర్చోవడమే నా పని. మలుపు తిరిగినప్పుడల్లా బూమ్ తలకి తగలకుండా వంగి, ఇటు నుంచి అటు పాక్కుంటూ పోయి మళ్ళీ కూర్చోవడం. ఇసక బస్తా ఉద్యోగం. స్కిప్పర్ (అదే మా పెద్దాయన) చుక్కాని దగ్గర ఉంటాడు, మిగతా ముగ్గురూ తాళ్ళు లాగుతుంటారు.

హైదరాబాద్‌లో నాలుగేళ్ళు ఉన్నాను. ట్యాంక్‌బండ్ మీద ట్రాఫిక్‌లో ఇరుక్కుని, హుస్సేన్‌సాగర్‌లో తెల్ల తెరచాపలు చూసి ఎవరో మిలిటరీవాళ్ళులే అనుకునేవాణ్ణి. ఏటా వానాకాలంలో అక్కడ హైదరాబాద్ సెయిలింగ్ వీక్ జరుగుతుందని ఇక్కడికొచ్చాకే తెలిసింది. మనకంతే.

ఇక అసలు సంగతి. ఈ ఆటలో ఫుట్‌బాల్‌లో లాగా వెంట పరిగెత్తే రెఫరీ ఉండడు. మొదలుపెట్టడానికీ, ఎవరు ముందొచ్చారో రాసుకోవడానికీ ఒక పడవలో కొందరు కూర్చుంటారు. ఐదు నిమిషాలకి ఒక జెండా, నాలుగుకి నీలం మధ్యలో తెల్ల చతురస్రం ఉన్న జెండా, నిమిషం ఉందనగా అది దిగుతుంది, సున్నాకి పందెం. గీత ముందే దాటావా, వెనక్కొచ్చి మళ్ళీ మొదలుపెట్టాలి. ఆ తర్వాత దాదాపు అంతా మన మనస్సాక్షే. మలుపు దగ్గర ఉండే నారింజరంగు గాలి బంతికి తగలకూడదు. తగిలితే పక్కకి పోయి నీ అంతట నువ్వే గుండ్రంగా ఒక చుట్టు తిరగాలి. ఎవరూ చూడకపోయినా సరే. రూల్ బుక్‌లో రూళ్ళకన్నా ముందు రాసుంది ఈ ముక్క. తప్పు చేస్తే నువ్వే వెంటనే శిక్ష వేసుకో అని. మొదటిసారి విన్నప్పుడు "ఇది మన దగ్గర పనిచేయదు" అనుకున్నాను.

ఆరోజు రెండో రేసు. మేము రెండో స్థానంలో ఉన్నాం. గాలివాలుకి కిందికొచ్చి, కింది మలుపుని ఎడమవైపు ఉంచి తిరిగాం. తిరగ్గానే గాలి ఎడమనుంచి వస్తుంది కాబట్టి నేను అప్పటికే ఎడమ అంచు మీదకెళ్ళి కాళ్ళు బయటికి వేసేశాను. బంతి నా కిందనుంచే పోయింది. నా బూటు కొన దానికి రాసుకుంది. రబ్బరు మీద రబ్బరు కిర్రుమన్న చప్పుడు. అంతే. ముగ్గురూ తాళ్ళతో కుస్తీ పడుతున్నారు. స్కిప్పర్ చూపు తెరచాప మీదుంది. వెనక పడవ చాలా దూరంలో ఉంది.

మనిషి తగిలినా పడవ తగిలినట్టే అని నాకు తెలుసు. తెలియకపోతే బాగుండేది.

ఎన్ని సెకన్లు ఊరుకున్నానో లెక్కపెట్టలేదు గానీ, ఆ కాసేపట్లో నాకు గుర్తొచ్చింది మాత్రం ఆఫీసు. సరిగ్గా రెండు వారాల క్రితం ప్రొడక్షన్‌లో ఒక కాన్ఫిగరేషన్ విలువ మార్చింది నేను. టైమౌట్‌లో ఒక సున్నా ఎక్కువ పడింది. నలభై నిమిషాలు సర్వీసు పడుకుంది. తర్వాత నివేదిక రాసింది కూడా నేనే. ఏమని రాశాను? "కాన్ఫిగరేషన్ మార్చబడింది." ఇంట్లో ఎవరైనా "అన్నం తినబడింది" అంటారా? తప్పు మనదైనప్పుడే వస్తుంది ఈ "బడు" ప్రత్యయం. అది రాసిన వారం ఆన్-కాల్‌లో ఉన్నది కొత్తగా చేరిన ఒక అమ్మాయి. మీటింగ్‌లో ప్రశ్నలన్నీ తనని అడిగారు. తను తడబడుతుంటే నేను మ్యూట్‌లో ఉన్నాను. మ్యూట్ తీయలేదు.

"స్కిప్, బంతికి తగిలింది" అన్నాను.

"తగిలిందా? తగిలిందని అనుకుంటున్నావా?"

"తగిలింది. నా బూటు."

ఆయన తిట్టలేదు, నిట్టూర్చలేదు. వెనక్కి ఒకసారి చూసి "తిరుగుతున్నాం" అని చుక్కాని తోసేశాడు. ఒక మలుపు గాలికి ఎదురుగా, ఒక మలుపు గాలివాలుకి, తెరచాపలు పటపటమని కొట్టుకుంటూ, చన్నీళ్ళు నా వీపు మీదుగా లోపలికి పోతూ... చుట్టు పూర్తయ్యేసరికి మూడు పడవలు దాటిపోయాయి. ఐదోవాళ్ళుగా ముగించాం. తాళ్ళు లాగే కుర్రాడొకడు మాత్రం ఒడ్డుకొచ్చేదాకా నాతో మాట్లాడలేదు. వాడి బాధ వాడిది.

ఒడ్డున వేడివేడి చిల్లీ గిన్నె చేతికిస్తూ స్కిప్పర్ అన్న మాట ఒక్కటే: "వచ్చే ఆదివారం చిన్న బూట్లు వేసుకురా."

సోమవారం పొద్దున ఆ డాక్యుమెంట్ తెరిచి, "మార్చబడింది" ఉన్నచోట "నేను మార్చాను, ఒక సున్నా ఎక్కువ పడింది, వేరేవాళ్ళకి చూపించకుండా పంపాను" అని దిద్దాను. మా మేనేజర్ దాని కింద ఒక బొటనవేలి బొమ్మ పెట్టి ఊరుకున్నాడు. అంతేనా అనిపించింది, నిజం చెప్పొద్దూ కాస్త నిరాశ కూడా. తర్వాత ఆ అమ్మాయి దగ్గరికెళ్ళి సారీ చెప్పాను. "మీరేనని నాకు ఆరోజే తెలుసండీ, లాగ్స్‌లో మీ పేరుంది" అంది. తెలిసి మీటింగ్‌లో ఎందుకు చెప్పలేదని అడిగితే, "మీరు చెప్తారేమో అని చూశాను" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ తను నాతో అవసరమైనంతే మాట్లాడుతుంది.

పందేలకి మాత్రం ఫిబ్రవరి చివరిదాకా వెళ్ళాను. చన్నీళ్ళలో పడితే ఏమవుతుందో కూడా చదువుకున్నాను. గీస్‌బ్రెక్ట్ అనే కెనడా ప్రొఫెసర్ గడ్డకట్టే నీళ్ళకి చెప్పిన లెక్క ఒకటుంది: ఊపిరి అదుపులోకి తెచ్చుకోవడానికి ఒక నిమిషం, చేతులు పనిచేసేది పది నిమిషాలు, స్పృహ ఉండేది ఒక గంట. మా సరస్సు అంత చల్లగా ఉండదు. అయినా ఒడ్డునే లైఫ్ జాకెట్ బకిల్ రెండుసార్లు లాగి చూసుకుంటాను.

అమ్మకి ఇంకా చెప్పలేదు. నా జాతకంలో జలగండం ఉందని మా ఊరి సిద్ధాంతిగారు ఎప్పుడో చెప్పారట, పుష్కరాలకి కూడా చెంబుతోనే స్నానం చేయించింది నాకు. ఆదివారం ఫోన్ చేసి "ఏం నాన్నా, గొంతు పట్టేసింది, ఎక్కడ తిరిగావు?" అంటే "చెరువు గట్టు మీద వాకింగ్‌కి వెళ్ళానమ్మా" అన్నాను. "మఫ్లర్ కట్టుకోరా" అంది.