డైరీలో రాయని రాత్రులు

కార్తీక సోమవారాలు నాకు బాగా కలిసొచ్చేవి. పగలంతా తినకపోయినా ఎవరూ అడగరు, పైగా భక్తి అంటారు. ఏకాదశి, శనివారం ఒంటిపూట కూడా అంతే. అందరూ పడుకున్నాక వంటగదిలో నిలబడి చద్దన్నం, బిస్కెట్లు, బెల్లం, ఏది దొరికితే అది కడుపు నొప్పెట్టేదాకా తినేదాన్ని. తిన్నది కరగాలని తెల్లారి అపార్ట్‌మెంట్ మెట్లన్నీ ఎక్కి దిగేదాన్ని.

ఇది బింజ్ ఈటింగ్ డిజార్డర్ అని సైకియాట్రిస్టు చెప్పారు. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ దీన్ని 2013లో విడి జబ్బుగా గుర్తించింది. నార్వేలో ఇలాంటి ఆడవాళ్లకు వ్యాయామం, ఆహార చికిత్స కలిపి 16 వారాలు ఇస్తే గుణం కనిపించిందట. నన్నూ కౌన్సెలింగ్‌తో పాటు డైటీషియన్ దగ్గరికి పంపారు.

మూడు నాలుగు గంటలకు మించి ఖాళీ కడుపుతో ఉండొద్దన్నారావిడ. రాత్రి ఎంత తిన్నా పొద్దున టిఫిన్ మానొద్దన్నారు. ఈ రెండో మాట నాకు మింగుడుపడలేదు. తిన్నవన్నీ రాయమని ఆవిడ చెప్పిన డైరీలో ఇడ్లీలు రాసేదాన్ని, తినేదాన్ని కాదు. రాత్రి సంగతి రాసేదాన్నే కాదు. ఆ రాతలు నమ్మి ఆవిడ, పాపం, మధ్యాహ్నం పప్పు పెంచి, సాయంత్రం చిరుతిండి మార్చి తంటాలు పడ్డారు. నేనేమో ఈ వైద్యం పనిచేయట్లేదని ఇంట్లో చెప్పుకున్నాను.

చివరికి నిజం చెబితే కోప్పడలేదు. "ఆ ఉపవాసం దేవుడికా అమ్మా, నడుముకా?" అన్నారంతే. తర్వాత అమెరికాలోని మిన్నెసోటాలో 1944లో మొదలైన ప్రయోగం గురించి చెప్పారు. ఆరోగ్యంగా ఉన్న 36 మంది యువకులను 24 వారాలు అర్ధాకలితో ఉంచితే తిండి తప్ప వేరే ధ్యాస లేకుండా పోయింది. మళ్లీ తిననిచ్చాక కొందరికి ఎంత తిన్నా ఆకలి తీరలేదట. నాకు మనసు మీద అదుపు లేదని ఏళ్లతరబడి తిట్టుకున్నాను. పస్తున్న ఒళ్లు చేసే పనే అది.

వ్యాయామం కోసం జిమ్‌లో చేరితే అక్కడి ట్రైనర్ మొదటిరోజే "ఎన్ని కిలోలు తగ్గాలి మేడమ్?" అన్నాడు. ట్రైనర్‌ని మార్చాను. తిన్నందుకు శిక్షగా మెట్లెక్కడం బంద్. వారంలో కొన్ని రోజులు బరువులెత్తడం, మధ్యలో విశ్రాంతి. టిఫిన్ మానేసిన రోజు బార్ లేవదు, తిన్నరోజు లేస్తుంది. డైటీషియన్ కంటే ఆ ఇనుమే నాకు తొందరగా నచ్చజెప్పింది.

ఇప్పటికీ కొన్ని రాత్రులు అదుపు తప్పుతాయి. రాస్తాను, పొద్దున పెసరట్టు తింటాను. తిన్నది కక్కేసే అలవాటు నాకు లేదు కాబట్టి బరువుల దగ్గరికి త్వరగా రానిచ్చారు. ఆ అలవాటు ఉన్నవాళ్లకు పొటాషియం పడిపోయి గుండె లయ తప్పొచ్చు. వాళ్లకు ముందు రక్తపరీక్ష, ఈసీజీ. డాక్టరు సరేనన్నాకే జిమ్.